వీథి చివరి తోట యెవరిది?

గృహమునకు ముంగిలి యెట్టిదో పేటకు తోట యట్టిది. ముంగిలి లేని యింట గాలి యాడదు. పసిబిడ్డకు తప్పటడుగులు వేయుటకు చోటుండదు. ఇరుగుపొరుగువారు వచ్చి కూర్చుండి మాటలాడుటకు తావుండదు. అందుచేతనే మన తల్లులు తెల్లవాఱకముందే లేచి, ముంగిలి యూడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టిన పిమ్మటనే తక్కిన పనులకు బూనుకొనుచుండిరి. కాని యా ముగ్గునకు నాలుగిండ్ల యవతలనున్న తోటను గూర్చి మనకట్టి శ్రద్ధ కలుగుట లేదు. గేటు విఱిగినను, ఊయెల గొలుసు తెగినను, మొక్కలు మాడినను "అది మ్యునిసిపాలిటీవారి సొత్తు" అని ముఖము త్రిప్పుకొని పోవుచున్నాము. మ్యునిసిపాలిటీవారు "ప్రజలే పాడు చేసికొనుచున్నారు" అనుచున్నారు. ఈ రెండు మాటల నడుమ తోట యెండిపోవుచున్నది.

ఉమ్మడి బఱ్ఱె పుచ్చి చచ్చినదను సామెత మనకు కలదు. అందఱిదైనది యెవ్వరికిని పట్టదని దాని భావము. ఈ సామెతలో సత్యము లేకపోలేదు. కాని పూర్ణసత్యము లేదు. ఊరుమ్మడి చెఱువులను, కోనేళ్లను, రచ్చబండమీది రావిచెట్టును ఎన్నియో తరములు కాపాడుకొనివచ్చిన జాతి మనది. ఉమ్మడి సొత్తు చెడుట అది యుమ్మడిదగుటవలన గాదు. వాడుకొనువారికి దాని విషయమున మాట చెల్లకపోవుటవలన. ఎచ్చట వాడుకొనువారి మాట చెల్లినదో, ఎచ్చట వారి చేయియు పడినదో, అచ్చట నుమ్మడి తోటలు బ్రదికినవి. ఈ సంగతిని మా పాఠకురాండ్రకు దృష్టాంతపూర్వకముగా విన్నవింపవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

పెరడు పోయిన పేటలు

మా నాయుడుపేటనే చూడుడు. స్వర్ణముఖీ నది యొడ్డున, చెన్నపట్టణమునుండి కలకత్తాకు బోవు రాజమార్గముమీద, గూడూరు చెన్నపట్టణముల నడుమ రైలుదారిమీద ఉన్న యూరిది. శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి బోవు దారి ఇచ్చటనే చీలును. మేనకూరునందు పరిశ్రమలు వెలసిన పిమ్మట పనిపాటలకై వచ్చి చేరినవారు ననేకులు. పంచాయతీగా నుండిన యూరు పురపాలక సంఘమైనది. ఇట్టి పట్టణములు నెల్లూరు సీమలోను, ఆంధ్రదేశమందంతటను పెక్కు గలవు. వీనియందు స్థలము విలువ పెరిగినకొలఁది ఇంటి వెనుక పెరడు తరిగినది. నూతిగట్టు, అరటిపాదు, మల్లెపందిరి, తులసికోట యుండిన చోట నేఁడు అద్దె వాటాలు లేచినవి.

పెరడు పోవుటవలన పురుషులకు కలిగిన నష్టము తక్కువ. వారికి బజారు కలదు, కాఫీ హోటలు కలదు, స్టేషను ప్లాటుఫారము కలదు. స్త్రీలకో? పని ముగిసిన సాయంకాలమున ఒక గడియ ఆకాశము క్రింద కూర్చుండుటకు, పైసా ఖర్చు లేకుండ, ఎవరి యనుమతియు నడుగకుండ పోఁదగిన చోటు ఏది? దేవాలయ మొకటి; తోట యొకటి. ఈ రెండవదానిని మనము పోఁగొట్టుకొనుచున్నాము. వృద్ధులకు నడక, పసివాండ్రకు ఆట, బాలింతకు గాలి, ఎదిగిన పిల్లకు స్నేహితురాలితో మాట — ఇవన్నియు ఒక్క కుంట, అరకుంట స్థలముమీద నాధారపడి యున్నవని తలఁచినప్పుడు, ఆ స్థలము చిన్నదైనను విషయము చిన్నది గాదని తెలియఁగలదు.

పట్టించుకొనని తోట యేమగును?

పాడుపడిన తోట తోటగా నిలువదు. మొదట గేటు పోవును, పిదప సర్కారుతుమ్మ మొలచును, చెత్త చేరును, చీకటిపడినంతనే త్రాగుబోతులు చేరుదురు. అప్పుడు స్త్రీలును పిల్లలును రాక మానుదురు. ఎవ్వరును రాని చోటని తెలిసినతోడనే "ఖాళీస్థలము" అను పేరు వచ్చును. ఖాళీస్థలము కనఁబడినచోట నొక ట్యాంకు, ఒక కార్యాలయము, ఒక దుకాణముల వరుస వచ్చి కూర్చుండును. ఇది మా యూహ గాదు. చెన్నపట్టణ చరిత్రమే సాక్ష్యము.

1859లో సర్ చార్లెస్ ట్రెవిలియన్ గవర్నరుగా నున్న కాలమున చెన్నపట్టణమునందు పీపుల్స్ పార్కు, అనఁగా ప్రజల తోట, యను పేర నొక మహోద్యానము వెలసినది. దాని విస్తీర్ణము 116 ఎకరములు. జంతుప్రదర్శనశాలయు నందే యుండెను. మన పెద్దలు చెన్నపట్టణమునకు బోయినప్పుడు పిల్లల నెత్తుకొని పోయి పులులను జూపినది ఆ తోటలోనే. పిమ్మట నేమైనది? విక్టోరియా పబ్లిక్ హాలు లేచినది. 1900 నాఁటికి మూర్ మార్కెట్టు లేచినది. 1913లో కార్పొరేషనువారి రిప్పన్ భవనము తెఱవఁబడెను. ఆటల స్టేడియము వచ్చెను. 1985లో మూర్ మార్కెట్టు కాలిపోయి, ఆ చోటు రైల్వేవారి పాలైనది. జంతుప్రదర్శనశాల యదే సంవత్సరమున వండలూరునకు తరలిపోయినది. వచ్చిన ప్రతి కట్టడమును మంచిదే. ప్రతిదానికిని తగిన కారణము కలదు. కాని ఒక్కొక్క మంచిపనికి నొక్కొక్క ముక్క చొప్పున కోసియీయఁగా, ప్రజల తోటలో తుదకు ప్రజలకు తోట మిగులలేదు. నూఱెకరముల తోటకే యీ గతి పట్టినప్పుడు మన వీథి చివరి నాలుగు సెంట్ల కెంతసేపు పట్టును?

ఆ నగరమునందే మన నెల్లూరు సీమకు దగ్గఱ సంబంధము గల తోట యింకొకటి కలదు. త్యాగరాయనగరము నడుమనున్న పానగల్ పార్కునకు 1928లో ఆ పేరు పెట్టఁబడినది. పానగల్ రాజావారు, అనఁగా పానగంటి రామరాయణింగారు, 1866లో మన ప్రక్కనున్న కాళహస్తిలో జన్మించినవారు. 1921 మొదలు 1926 వఱకు చెన్నరాజధానికి ప్రధానమంత్రిగా నుండినవారు. ఆ నగరమునకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయసెట్టిగారును తెలుఁగువారే. చుట్టును దుకాణములు క్రిక్కిఱిసి పోయినను ఆ తోట దాదాపు నూఱేండ్లు నిలిచినది. ఏలయన, ఉదయసాయంకాలములయందు దానిని వాడుకొనువారు విడువలేదు. ఇటీవల మెట్రో రైలు రెండవదశ పనులకు అందు కొంత భాగమును తీసికొనవలసివచ్చెను. ఎంతటి తోటకైనను కాపలా యక్కఱలేని దినము రాదని దీనివలన గ్రహింపవలెను.

బెంగుళూరు పేటవాసుల గెలుపు

పేటవారు నోరు విప్పినచో నేమి జరుగునో చూపుటకు బెంగుళూరు ఉదాహరణము చాలును. అచ్చట రాజమహల్ విలాస్ పేట లేఅవుటునందు తోటకొఱకు విడిచిన స్థలము నొకదానిని ప్రభుత్వమువారు ఒక ప్రైవేటు వైద్యసంస్థకు నర్సింగు హోము కట్టుకొనుటకై యిచ్చిరి. ఆసుపత్రి చెడ్డదని యెవరనఁగలరు? కాని పేటలోని కాపురస్థులు తమ పిల్లల కున్న బయలు ఇదియొక్కటే యని హైకోర్టు కెక్కిరి. మొదట నోడిరి; మరల నప్పీలు చేసి గెలిచిరి. వైద్యసంస్థవారు సుప్రీముకోర్టునకు బోయిరి. 1991వ సంవత్సరము జూలై 19వ తేదీని సుప్రీముకోర్టు న్యాయమూర్తులు పేటవాసుల పక్షముననే తీర్పు చెప్పిరి. తోటకని విడిచిన స్థలమును వేఱొక ప్రైవేటు ప్రయోజనమునకు మార్చుట చట్టవిరుద్ధమనియు, అట్టి బయలు పేటవారి యారోగ్యమునకు ముఖ్యమనియు, దాని నిమిత్తము ఫిర్యాదు చేయుటకు కాపురస్థులకు హక్కు గలదనియు ఆ తీర్పు తేల్చినది. దేశమందలి యేపేటవారికైనను ఈ తీర్పు కవచమువంటిది.

మన రాష్ట్రమునందును ఆధారము లేకపోలేదు. క్రొత్త లేఅవుటు వేయువారు మొత్తము భూమిలో నూటికి 10 వంతులు బయలుగా విడిచి, దానిని స్థానిక సంస్థకు దానపత్రముతో నప్పగింపవలెనని నిబంధన కలదు. 1992లో చేయఁబడిన 74వ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘముల కప్పగింపఁదగిన పనులలో తోటలను, ఆటస్థలములను చేర్చినది. సభ్యస్థానములలో మూఁడవ వంతునకు తక్కువ గాకుండ స్త్రీలకు ప్రత్యేకించినది. కావున తోటను గూర్చి యడుగుట భిక్షమడుగుట గాదు.

ఇతర దేశముల సోదరీమణులు

చిన్న తోటల చరిత్రములో స్త్రీల పేళ్లు ముందు వరుసలోనే కనఁబడును. ఇంగ్లండుదేశమున ఆక్టేవియా హిల్ అను నామె పేదల యిండ్ల బాగునకై జీవితమంతయు ధారవోసెను. ఇఱుకు గదులలో కాపురము చేయువారికి ఇంటి వెలుపల కూర్చుండు గది యొకటి కావలెననియు, ఆ గదికి కప్పు ఆకాశమే యనియు ఆమె తలఁచెను. 1887లో లండను నగరపు సదర్కు పేటలో, కాలిపోయిన కాగితపు ఫ్యాక్టరీ యుండిన స్థలమున రెడ్‌క్రాస్ తోటను నెలకొల్పెను. ఆమె పోయిన పిదప నా తోట వన్నె తఱిగి మూలఁబడెను. 2005 ప్రాంతమున ఆ పేటవారి తోటల సంఘ మొకటి పూనుకొని, పూర్వపు రూపున మరల దానిని తీర్చిదిద్దెను. చచ్చిన తోట మరల లేచుట కలలోని మాట గాదు.

అమెరికాదేశమున న్యూయార్కు నగరమునందు 1973లో లిజ్ క్రిస్టీ యను చిత్రకారిణి స్నేహితులను గూడఁగట్టుకొని, చెత్తదిబ్బగా నున్న యొక మూలస్థలమును బాగుచేసి కూరలును పూలును పెంచెను. మఱుసటి యేఁడు నగరపాలకులు దానిని నెలకొక డాలరు అద్దెకు వారికిచ్చిరి. నామమాత్రమైన ఆ యద్దెలోనే గొప్ప నీతి యున్నది: భూమి నగరానిది, చేయి పేటవారిది, ఒప్పందము కాగితముమీఁదిది.

ఆస్ట్రియాదేశపు రాజధాని వియన్నాలో జరిగినది మనకు మఱింత పనికివచ్చును. తొమ్మిదేండ్లు దాఁటిన ఆడుపిల్లలు తోటలకు రాక మానుచున్నారని 1990లలో నచ్చటివారు కనిపెట్టిరి. తోట నడుమ నంతయు మగపిల్లల బంతియాటకు పోయి, బాలికలు వారితో పోరలేక వెడలిపోవుచుండిరి. పిదప రెండు తోటలను మార్చి, బంతిస్థలమును ముక్కలుగా విభజించి, వాలీబాలు, బ్యాడ్మింటను వంటి యాటలకు చోటిచ్చి, దీపములును చక్కని బాటలును కల్పించిరి. బాలికలు మరల రాసాగిరి. తోట యందఱిదని పలక వ్రాసి గేటునకు తగిలించినంత మాత్రమున నందఱిదగునా? ఎవరు వచ్చుచున్నారు, ఎవరు రాకుండ పోయిరి అని లెక్క చూచినప్పుడే తెలియును.

మన నెల్లూరు సీమ స్త్రీలకు క్రొత్త పని గాదు

"ఇవన్నియు సీమదొరసానుల ముచ్చట్లు, మనకెక్కడ సాధ్యము?" అను సోదరీమణులుందురు. వారికి మా యుత్తరము దూబగుంట. నెల్లూరు జిల్లాలోని యా కుగ్రామమున 1991–92 ప్రాంతములో, వయోజన విద్యాపాఠములు చదువ నేర్చిన స్త్రీలు గుమిగూడి సారా దుకాణమును మూయించిరి. వారికి ముందు నడచిన వర్ధినేని రోశమ్మగారు గొప్పయింటి బిడ్డ గాదు, పట్టాలు పొందినది గాదు. ఆ నిప్పు ఊరూరికి ప్రాఁకి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారాను నిషేధింపఁజేసినది. తాము త్రాగింపని సారాసొమ్మును పొదుపు చేయుదమని దినమునకొక రూపాయి చొప్పున కూడఁబెట్టిన పొదుపు సంఘములు ఆ జిల్లాలోనే మొలచి, రాష్ట్రమంతట వ్యాపించినవి. దినమునకొక రూపాయి కూడఁబెట్టి సంఘమును నడపఁగల స్త్రీలు, దినమునకొక బిందె నీరు పోసి మొక్కను నిలుపలేరా? లెక్కపుస్తకము వ్రాయుట, నెలకొకసారి కూడుకొనుట, వాయిదా తప్పినవారిని మందలించుట — తోట సంఘమునకు కావలసిన విద్యలన్నియు వారు నేర్చియే యున్నారు.

ప్రభుత్వమువారును ఈ దారినే త్రొక్కసాగిరి. 2021లో ఆరంభమైన రెండవ అమృత్ పథకము చిన్న పట్టణములకును వర్తించునట్లు చేయఁబడినది. దానిలో భాగముగా పొదుపు సంఘముల స్త్రీలకు తోటల పోషణ వంటి పనుల నప్పగించు నేర్పాటును చేసిరి. 2025 జూను మాసమున వారిచేతనే మొక్కలు నాటించి, వారిచేతనే పెంచించు కార్యక్రమమును మొదలుపెట్టిరి. ఇట్టి యేర్పాటు మీ యూర నున్నదేమో పురపాలక కార్యాలయమున నడిగి తెలిసికొనుట మేలు.

ఎట్లు మొదలుపెట్టవలెను?

మొదట చీపురు పట్టవలదు. మొదట కన్ను పెట్టవలెను. నలుగురైదుగురు స్త్రీలు కలసి ఒక వారము దినములు ఉదయము, మధ్యాహ్నము, సంధ్యవేళ తోట ప్రక్కగా నడచి, ఎవరు వచ్చుచున్నారో, ఎచ్చట కూర్చుండుచున్నారో, ఎచ్చట నీరు నిలుచుచున్నదో, ఏ దీపము వెలుగుటలేదో వ్రాసికొనవలెను. పిమ్మట కార్యాలయమునకు బోయి లేఅవుటు పటమును జూచి, ఆ స్థలము తోటగా నమోదైనదో లేదో తెలిసికొని, నకలు తెచ్చుకొనవలెను. సమాచారహక్కు చట్టము 2005లోనే వచ్చినది. నకలడుగుట నేరము గాదు. ఈ కాగితము లేకుండ నాటిన చెట్టు ఇసుకపై కట్టిన గోడవంటిది.

రెండవది, అందఱి నడుగుట. సంఘము కట్టిన నలుగురి యిష్టమే పేటయిష్టమని తలఁపరాదు. పాచిపని చేసికొనునామెకు ఏ వేళ తీరిక? కూలికి బోవు తల్లి బిడ్డ నెచ్చట నాడించుకొనును? వృద్ధుఁడు మెట్లెక్కఁగలఁడా? కాలు చాలని పిల్లవాని బండి గేటులో పట్టునా? ఎదిగిన పిల్లలు ఏమి కోరుదురు? వీరి నడిగి వేసిన బల్ల ప్రతిదినము నిండును. అడుగక వేసినది త్రుప్పు పట్టును.

మూఁడవది, ఋతువు నెఱిఁగి నాటుట. 1950లో కె. ఎం. మున్షీగారు దేశమున వనమహోత్సవము నారంభించినప్పటినుండి జూలై మాసమున మొక్కలు నాటుట యాచారమైనది. ఉత్తరదేశమున కది తగిన కాలము. మన నెల్లూరు తీరమునకో, సంవత్సరపు వర్షములో సగమునకు మించి యక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వచ్చు ఈశాన్యపు వానలే. జూలైలో నాటి ఫొటో తీయించుకొని పోయిన మొక్క సెప్టెంబరు నాఁటికి మాడిపోవును. కావున ఆశ్వయుజ మాసపు తొలివానలకు నాటి, తుపానుగాలికి ఒరగకుండ కఱ్ఱ పాతి కట్టవలెను. తరువాతి రెండు వేసవులును బిడ్డవలె కాపాడినచో నా చెట్టు తన కాళ్లపై తాను నిలుచును. వేప, కానుగ, నేరేడు, పొగడ వంటివి ఈ నేలకు, ఈ యెండకు అలవాటుపడినవి. ఉప్పునీటి తావులలో పొన్న బాగుగా నోర్చును. నందివర్ధనము, మందారము, పారిజాతము పూజకును పనికివచ్చును. గన్నేరును, అందులో పచ్చగన్నేరును, పిల్లలాడు చోట పెంచరాదు. వాని గింజలును ఆకులును విషము. నీటికి కఱవైనచో బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు వంతులవారీగా మోసి పోయవచ్చును.

నాల్గవది, దోమ. డెంగ్యూ జ్వరమును తెచ్చు దోమ మురికికాలువలో గాక, పగిలిన కుండలోను, పాత టైరులోను, నిలిచిన వాననీటిలోనే గ్రుడ్లు పెట్టును. వారము పది దినములలో నవి దోమలగును. కావున శుక్రవారము తలంటి యెట్లు తప్పదో, వారమునకొకసారి తోటలోని నిలువనీటిని పాఱఁబోయుటయు నట్లే తప్పరాదు. ఈ పని కాసు ఖర్చు లేనిది. ఆసుపత్రి ఖర్చును తప్పించునది.

అయిదవది, సొమ్ము. ఇంటికి నెలకు పది యిరువది రూపాయల చందా చాలును. ఎక్కువ వసూలు చేయఁబోయినచో పేదయిల్లు దూరమగును. జమాఖర్చుల పుస్తకమును నెలకొకసారి తోటలోనే, అందఱి యెదుట, బిగ్గఱగా చదువవలెను. సంఘములు దొంగతనమువలనకంటె అనుమానమువలననే ఎక్కువగా చెడిపోవును.

ఎవరి పని యెవరిది?

ఇచ్చట నొక హెచ్చరిక చేయకతప్పదు. "ప్రజల పాల్గొనుట" యను తియ్యని మాటను వినినంతనే, ఊడ్చుటయు, నీరు పోయుటయు, కాపలా కాయుటయు ఆడువారి నెత్తిన వేసి, పురపాలకులు చేతులు కడుగుకొను ప్రమాదము కలదు. ఇంటిలో జీతము లేని చాకిరి చాలదని వీథిలోఁ గూడ జీతము లేని చాకిరి చేయుఁడని మేము చెప్పుట లేదు. తోటమాలి జీతము, నీటి కొళాయి, దీపములు, గోడ, ఆటవస్తువుల మరమ్మతు — ఇవి మనము పన్ను కట్టిన సొమ్ముతో పురపాలక సంఘము చేయవలసిన పనులు. కనిపెట్టుట, చెప్పుట, అడుగుట, నిర్ణయములలో పాలుపంచుకొనుట, తోటను మనుష్యసంచారముతో నింపుట — ఇవి మన పనులు. చేయి వేయుట మన యిష్టముమీఁద. అది వారి బాధ్యతకు మాఱు గాదు. ఈ సరిహద్దును మొదటనే కాగితముమీఁద వ్రాసికొని, ఉభయులును సంతకములు చేసినచో, పిదప పోట్లాట యుండదు. పొదుపు సంఘపు స్త్రీలకు పోషణ నప్పగించినచో వారికి తగిన కూలి యిప్పింపవలెను. సేవ యను పేర కూలిని మ్రింగరాదు.

ఇంకొక ప్రమాదము తాళము. తోట బాగుపడినంతనే "ఇఁక పాడు కాకూడదు" అని గేటునకు తాళము వేసి, తాళపుచెవి యొక మేడయింటిలో పెట్టుట పెక్కుచోట్ల జరుగుచున్నది. అప్పుడు గుడిసెలలోని పిల్లలు ఊచల సందునుండి ఊయెలను చూచుచు నిలుతురు. ఊయెల క్రొత్తదే, రంగు వేసినదే, కాని యూగువారు లేరు. ఇట్లు కాపాడిన తోట పాడుపడిన తోటకంటె నెంత మేలు? బట్టలు మాసినవారిని, చెత్త యేఱుకొనువారిని, పరయూరినుండి పనికి వచ్చినవారిని వెడలఁగొట్టుట తోటను కాపాడుట గాదు. చెడ్డపని చేసినవానిని మందలింపుఁడు, పేదను గెంటకుఁడు. నిజమునకు, దినమంతయు నలుగురు కూర్చుండిన తోటలో చెడ్డపని చేయుటకు దొంగకే భయము. జనసంచారముకంటె మంచి తాళము లేదు.

"మాకు తీరిక యెక్కడ?" అని కొందఱందురు. మాటలో న్యాయమున్నది. అందుచేతనే యిది యొక్కరి పని కారాదు. ఇరువదియిండ్ల పేటలో ఇంటికి వారమునకొక గంట చాలును. అదియును చాకిరిగా గాక విశ్రాంతిగా గడపవచ్చును. కూరలు తరుగుకొనుచు, పూలు గ్రుచ్చుకొనుచు, పిల్లలకు పద్యము చెప్పుచు తోటలో కూర్చుండుట యే మొదటి కాపలా. అత్తగారు మనుమని నెత్తుకొని ముందు నడచినచో కోడలును వెనుక వచ్చును. పురుషులును వచ్చి గునపము పట్టుదురు. మగవారు పట్టరాని పని యిందేమియు లేదు.

ముగింపు

1923లో జపానుదేశపు రాజధాని టోకియో భూకంపమువలనను అగ్నివలనను నేలమట్టమైనప్పుడు, దానిని మరల కట్టినవారు ప్రాథమిక పాఠశాలల ప్రక్కనే 52 చిన్న తోటలను నిర్మించిరి. పిల్లల కాటస్థలముగాను, ఆపదలో నందఱికి శరణుగాను అవి పనికివచ్చునని వారి యూహ. మన స్వర్ణముఖికి 2015 నవంబరునందును, 2021 నవంబరునందును వరదలు వచ్చినవి. వాననీటి నింకించుకొను మట్టినేల పేటలో నెంత మిగిలియున్నదో యట్టి దినములలోనే తెలియును. సిమెంటు పోసిన చోట నీరు వీథిని బడును. చెట్టున్న చోట నేలలో దిగును. తోట విలాసవస్తువు గాదు.

సోదరీమణులారా! ఈ వ్యాసమును చదివి ముగించిన పిమ్మట మీ వీథి చివరిదాఁక నొకమాఱు నడచి చూడుఁడు. అచ్చట తోట కలదేని, అందెవరు కూర్చున్నారో చూడుఁడు. ఎవ్వరును లేనిచో మీరే కూర్చుండుఁడు. మఱునాఁడు ప్రక్కయింటి వదినగారిని పిలుచుకొని పొండు. మూఁడవనాఁడు మీ పేట సభ్యురాలికి ఒక యుత్తరము వ్రాయుఁడు; దాని నకలును భద్రపఱచుకొనుఁడు. వచ్చు నాశ్వయుజమునాఁటికి ఒక్క వేపమొక్క, దానికి పేరుపెట్టి నీరు పోయు నలుగురు పిల్లలు, నెలకొకమాఱు చదువు లెక్కపుస్తకము — ఇంతమాత్ర మున్నచో మీ పేటతోటకు ప్రాణము వచ్చినదనుకొనుఁడు. తక్కినది చెట్టే చూచుకొనును.